ఛాతీ నిర్మాణం వేరుగా ఉన్నవారికి ఐసీడీ పెట్టడం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

గుండె లయ ప్రాణం మీదికి వచ్చేలా చెడినప్పుడు లోపలి నుంచే షాక్ ఇచ్చి సరిచేసే మెషిన్‌ను ఐసీడీ అంటారు. దాన్ని పెట్టే తీరు చాలామందికి ఒకటే. ఎడమ కాలర్‌బోన్ కింద మెషిన్ ఉంటుంది, సిరలోంచి గుండె కుడి జఠరికలోకి (కింది గదిలోకి) ఒక వైరు వెళ్తుంది. గుండె కుడిపక్కన ఉన్నా, రొమ్ము లోపలికి గుంటపడినా, వెన్ను వంగినా, టీబీతో ఊపిరితిత్తి ముడుచుకుపోయినా, డయాలిసిస్ గొట్టాలకు సిరలు మూసుకుపోయినా ఈ లెక్క మారిపోతుంది. మాకు వచ్చే ప్రశ్నల్లో సగం "కుదురుతుందా?" అనేవే. చాలావరకు కుదురుతుంది. కాకపోతే శరీరంలో ఉన్న తేడా సూది గుచ్చాక కాకుండా ముందే తెలియాలి.

## నిర్ణయానికి ముందు

పేస్‌మేకర్, ఐసీడీ రెండూ ఒకటే కదా?

కాదు. పేస్‌మేకర్ నెమ్మదించిన గుండెను కొట్టిస్తుంది. ఐసీడీ అదుపు తప్పి పరిగెత్తే గుండెను ఆపి మళ్లీ దారిలో పెడుతుంది. సిరలోంచి వైరు వేసే రకం అవసరమైతే పేస్‌మేకర్ పని కూడా చేస్తుంది. ఒకసారి గుండె ఆగి బతికినవారికి, మందులు కనీసం 3 నెలలు సరిగా వాడినా ఎకోలో పంపింగ్ 35 శాతం లేక అంతకన్నా తక్కువే ఉన్న చాలామందికి దీన్ని సూచిస్తారు. గుండెపోటు వచ్చినవారిలో 40 రోజులు దాటాకే ఆ లెక్క చూస్తారు.

మా అయ్యకి గుండె కుడేపున ఉందన్నారు. మెషిన్ ఎటేపు పెడతారు?

ముందు తేల్చాల్సింది గుండె పుట్టుకతోనే కుడివైపు ఉందా, తర్వాత అటు జరిగిందా అన్నది. పుట్టుకతో ఉంటే కాలేయం, కడుపు కూడా తారుమారయ్యాయా అని చూస్తారు. అన్నీ అద్దంలో బొమ్మలా తిరిగి ఉంటే పని సులువే. మెషిన్ కుడివైపు పెడతారు, వైరు కూడా అద్దంలోలాగే వెళ్తుంది. క్యాథ్ ల్యాబ్‌లో (మెషిన్ పెట్టే గదిలో) ఎక్స్-రే తెరను అడ్డంగా తిప్పి చూస్తే డాక్టరు చేతికి అలవాటైన బొమ్మే కనిపిస్తుంది.

గుండె ఒక్కటే కుడివైపుండి, కాలేయం, కడుపు మామూలు చోటే ఉంటే జాగ్రత్త ఎక్కువ కావాలి. ఇలాంటివారిలో గదుల మధ్య రంధ్రాలు, గదులు తారుమారు కావడం, సిరలు వేరే దారిలో రావడం ఎక్కువగా కనిపిస్తాయి. సీటీ స్కాన్ లేకుండా మొదలుపెట్టకూడదు.

ఈసీజీ చూసి ఒక చోట గుండె కుడివైపు అన్నారు, ఇంకో చోట కాదన్నారు. ఏది నమ్మాలి?

చేతులకు పెట్టే వైర్లు అటుదిటు అయినా మొదటి లీడ్ (ఈసీజీలో మొదటి గీత) తలకిందులుగానే వస్తుంది. తేడా ఛాతీ మీద వరుసగా పెట్టే వీ1 నుంచి వీ6 దాకా ఆరు లీడ్లలో తెలుస్తుంది. వీ1 నుంచి వీ6 వైపు వెళ్లేకొద్దీ గీత ఎత్తు మామూలుగా పెరిగితే తప్పు వైర్లది. గీత కుంచించుకుపోతూ వస్తే గుండె కుడివైపు ఉన్నట్టే. అప్పుడు ఛాతీ లీడ్లు కుడివైపు పెట్టి ఇంకో ఈసీజీ తీస్తారు. ఎక్స్-రే ఫిల్ము మీద కుడి, ఎడమ గుర్తు తప్పక చూడండి. ఫిల్మును తిరగేసి దీపం ముందు పెట్టుకోవడం మనం అనుకునేంత అరుదు కాదు.

చిన్నప్పుడు టీబీ వచ్చి ఒక ఊపిరితిత్తి పోయింది. ఇప్పుడు ఐసీడీ కావాలంటున్నారు. ఏ వైపు మంచిది?

పాడైన ఊపిరితిత్తి ఉన్న వైపు. చాలామంది దీనికి ఉల్టాగా ఆలోచిస్తారు. కాలర్‌బోన్ కింద సిరకు సూది గుచ్చినప్పుడు అరుదుగా ఊపిరితిత్తికి తగిలి గాలి బయటికి కారుతుంది. రెండు ఊపిరితిత్తులూ పనిచేసేవారు దాన్ని తట్టుకుంటారు, గొట్టం వేస్తే సర్దుకుంటుంది. ఉన్న ఒక్క మంచి ఊపిరితిత్తికే అలా జరిగితే బల్ల మీదే ప్రాణాపాయం. అందుకే మంచి వైపు సూది గుచ్చకుండా చూస్తారు. గుచ్చక తప్పకపోతే భుజం ముందున్న సెఫాలిక్ సిరను చిన్న కోతతో బయటికి తీసి, కంటితో చూస్తూ వైరు దింపుతారు. అందులో సూది ఊపిరితిత్తి దగ్గరికే వెళ్లదు.

ముడుచుకున్న ఊపిరితిత్తి గుండెను తనవైపు లాక్కుంటుంది, పెద్ద సిరలు కూడా వంపు తిరుగుతాయి. పాత ఎక్స్-రేలు ఉంటే పారేయకండి. గుండె ఎన్నేళ్లుగా ఎటు జరుగుతూ వచ్చిందో అవే చెబుతాయి.

మాది ఉద్దానం. డయాలిసిస్‌లో ఉన్నాం, ఎడమ చేతికి ఫిస్టులా ఉంది. గుండెకి షాక్ మెషిన్ పెట్టొచ్చా?

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. బయటికి చూస్తే ఛాతీ మామూలుగానే ఉంటుంది, దారి మాత్రం లోపల మారి ఉంటుంది. మెడలో, కాలర్‌బోన్ కింద నెలల తరబడి డయాలిసిస్ గొట్టం ఉన్నవారిలో పెద్ద సిరలు ఇరుకవుతాయి, ఒక్కోసారి పూర్తిగా మూసుకుపోతాయి. మెడ, చెయ్యి వాయడం, భుజం మీద నీలి సిరలు తేలడం దానికి గుర్తులు.

ఫిస్టులా (డయాలిసిస్ కోసం చేతిలో ధమనిని సిరకు కలిపిన చోటు) ఉన్న వైపు సిరలో వైరు వేయకూడదన్నది మొదటి నియమం. వైరు చుట్టూ సిర ఇరుకైతే ఫిస్టులా రక్తం వెనక్కి తన్ని చెయ్యి బూరెలా వాస్తుంది, చివరికి ఫిస్టులాయే పోతుంది. రెండో వైపు కూడా ముందు వీనోగ్రామ్ తీయాలి. చేతి సిరలోంచి 10 నుంచి 20 మి.లీ. డై పంపి, గుండె దాకా దారి తెరిచి ఉందో లేదో చూసే పరీక్ష అది. మూత్రం ఇంకా కొంచెం వస్తున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి, డై తగ్గిస్తారు.

మూడో సంగతి ఇన్ఫెక్షన్. డయాలిసిస్‌లో వారానికి రెండు మూడుసార్లు రక్తంలోకి దారి తెరుస్తాం. క్రిములు చేరి సిరలోని వైరుకు పట్టుకుంటే మందులతో పోవు, మెషిన్‌తో సహా అంతా తీసేయాలి. అందుకే ఇలాంటివారికి, పేసింగ్ (పేస్‌మేకర్‌లా గుండెను కొట్టించడం) అవసరం లేకపోతే, సిరలను ముట్టుకోకుండా చర్మం కిందే వైరు ఉండే ఎస్-ఐసీడీయే మేలని 2017 అమెరికా మార్గదర్శకాలు గట్టిగా సిఫారసు చేశాయి. ఆ మెషిన్ సరిపడుతుందో లేదో చూసే ఈసీజీ పరీక్షను డయాలిసిస్‌కు ముందొకసారి, తర్వాతొకసారి చేయించుకోండి. పొటాషియం పెరిగినప్పుడు ఈసీజీలో టీ అల లేచి నిలబడుతుంది. మెషిన్ దాన్ని ఇంకో గుండె కొట్టుడుగా లెక్కేస్తే అనవసరపు షాక్ పడుతుంది.

ఆపరేషన్ డయాలిసిస్ అయిన మర్నాడు పెట్టించుకోవడం మంచిది. తర్వాతి ఒకటి రెండు డయాలిసిస్‌లు హెపారిన్ (రక్తం పలచబరిచే మందు) లేకుండా చేయమని అడగండి, లేకపోతే మెషిన్ చుట్టూ రక్తం కారి గడ్డలా చేరుతుంది. పలాసలో చేయించుకుంటున్నా, ఇంకెక్కడైనా, ఆ చీటీ డయాలిసిస్ టెక్నీషియన్ చేతికి అందాలి. డిశ్చార్జి కాగితంలో రాసుంటే చాలదు.

మా గుంటడికి రొమ్ము మధ్యలో గుంట ఉంది. ఆ గుంట వల్ల మెషిన్ నిలవదంటారు, నిజమేనా?

మెషిన్ నిలుస్తుంది. చిక్కు గుండె స్థానంలో ఉంది. రొమ్ము ఎముక లోపలికి నొక్కితే గుండె ఎడమకు జరిగి కొంచెం తిరుగుతుంది. గుంట లోతును సీటీలో కొలుస్తారు. ఛాతీ అడ్డం కొలతను, రొమ్ము ఎముకకూ వెన్నుకూ మధ్య దూరంతో భాగిస్తే వచ్చే సంఖ్య 3.25 దాటితే గుంట తీవ్రమైనదే.

సిరలోంచి వేసే వైరు ఇలాంటివారిలో మామూలుగానే వెళ్తుంది. తెర మీద కనిపించే ఆకారం మాత్రం వేరుగా ఉంటుంది కాబట్టి రెండు మూడు కోణాల నుంచి చూసి స్థానం ఖాయం చేస్తారు. ఎస్-ఐసీడీ అయితే వైరు రొమ్ము ఎముక అంచున నిలువుగా పడాలి. గుంట లోతుగా ఉంటే అది ఎముకకు ఆనకుండా మధ్యలో ఎత్తుగా నిలుస్తుంది, కింద గాలి, కొవ్వు చేరి షాక్ బలం తగ్గుతుంది. రొమ్ము ఎముక వెనక వైరు పెట్టే ఈవీ-ఐసీడీకి అమెరికాలో 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. అది గుంట ఛాతీకి గానీ, అంతకుముందు రొమ్ము ఎముక కోసి గుండె ఆపరేషన్ చేయించుకున్నవారికి గానీ సరిపడదు.

గుంటను సరిచేయడానికి లోపల స్టీలు కడ్డీ వేసుంటే అది ఉన్నంతకాలం ఆ కాగితం జేబులో ఉండాలి. బయటి షాక్ ఇవ్వాల్సి వస్తే పట్టీ ఒకటి ముందు, ఒకటి వీపున అంటించాలి.

పుట్టుకతో గుండె జబ్బు, రెండుసార్లు ఆపరేషన్ అయింది. సిరలోంచి దారే లేదంటున్నారు.

ఫోంటాన్ (సిరలను నేరుగా ఊపిరితిత్తుల రక్తనాళానికి కలిపే ఆపరేషన్) వంటివాటి తర్వాత పై సిరల నుంచి జఠరికలోకి దారి ఉండదు. ట్రైకస్పిడ్ (కుడి పై గదికీ, కింది గదికీ మధ్య వాల్వు) చోట లోహపు వాల్వు ఉన్నా దాని గుండా వైరు వేయకూడదు. గదుల మధ్య రంధ్రం మిగిలి ఉంటే వైరు మీద చేరే చిన్న గడ్డ మెదడుకు వెళ్లే ప్రమాదముంది. ఇలాంటివారికి సర్జన్ గుండె పైపొర మీద వైర్లు కుట్టి మెషిన్‌ను పొట్ట గోడలో పెడతారు, లేదా ఎస్-ఐసీడీ చూస్తారు. పొట్టలో మెషిన్ అంటే కంగారు పడకండి. 1980 ఫిబ్రవరిలో జాన్స్ హాప్కిన్స్‌లో మిరోవ్‌స్కీ బృందం మనిషికి మొదటిసారి పెట్టినప్పుడు అది పొట్టలోనే ఉంది.

## పరీక్షలు, ప్లాను

విశాఖ వెళ్లేటప్పుడు ఏవేం పట్టుకెళ్లాలి?

అన్ని పాత ఎక్స్-రేలు, సీటీ సీడీ (రిపోర్టు ఒక్కటే చాలదు), ఎకో, ఈసీజీ, పాత ఆపరేషన్ కాగితాలు, వాడుతున్న మందుల పట్టీ. రక్తం పలచబరిచే మందు ఉంటే దాని మీద రంగు గీత పెట్టండి. దాన్ని మీరే ఆపేయొద్దు. మెడలో గానీ కాలర్‌బోన్ కింద గానీ ఎప్పుడైనా గొట్టం వేశారా, ఏ వైపు, ఎన్ని వారాలు అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. ఇచ్ఛాపురం నుంచి అంత దూరం వచ్చి సీడీ ఇంట్లో మర్చిపోతే ఒక రోజు పోతుంది, కొందరికి ఇంకోసారి డై కూడా పడుతుంది.

ఎస్-ఐసీడీ అంటే ఏటి? అందరికీ అదే పెట్టేయొచ్చు కదా?

సిరలు, గుండె రెంటినీ ముట్టుకోని రకం. ఎడమ చంక కింద, ఐదో, ఆరో పక్కటెముకల దగ్గర మెషిన్ ఉంటుంది. అక్కడి నుంచి వైరు చర్మం కింద రొమ్ము ఎముక దాకా వచ్చి, ఎడమ అంచున పైకి వెళ్తుంది. షాక్ ఇచ్చే భాగం 8 సెం.మీ. పొడవు. షాక్ బలం 80 జౌళ్లు, సిరలోంచి వేసే రకంలో దాదాపు 35 నుంచి 40. బరువు సుమారు 130 గ్రాములు, అంటే మామూలు ఐసీడీకి దాదాపు రెట్టింపు.

అందరికీ పెట్టలేకపోవడానికి కారణాలున్నాయి. షాక్ తర్వాత అర నిమిషం తప్ప అది పేసింగ్ చేయదు. గుండె నెమ్మదించే జబ్బు కూడా ఉంటే పనికిరాదు. నొప్పి లేకుండా వేగంగా పేస్ చేసి లయను దారిలో పెట్టే పద్ధతీ అందులో లేదు, కాబట్టి తరచుగా ఒకే రకం వేగపు లయ వచ్చేవారికి సిర రకమే మేలు.

పెట్టే ముందు పడుకోబెట్టి, నిలబెట్టి ఈసీజీ తీసి మెషిన్ గుండె గీతను సరిగా చదవగలదా అని చూస్తారు. మూడు కోణాల్లో కనీసం ఒకటైనా అన్ని భంగిమల్లో పాసవ్వాలి. గుండె కుడివైపు ఉన్నవారికి వైరును రొమ్ము ఎముక కుడి అంచున, మెషిన్‌ను కుడి చంక కింద అనుకుని ఆ పరీక్ష చేయాలి. ఎడమవైపు చేసి ఫెయిలని రాసిచ్చేస్తే ఒప్పుకోకండి, కుడివైపు చేశారా అని అడగండి.

ఎడమవైపు అదనంగా ఒక పెద్ద సిర ఉందన్నారు. అది ప్రమాదమా?

దానివల్ల జబ్బేమీ రాదు. మామూలు జనంలో వెయ్యికి ముగ్గురి నుంచి ఐదుగురికి ఉంటుంది, పుట్టుకతో గుండె జబ్బున్నవారిలో ఇంకా ఎక్కువ. ఎడమ చేతి రక్తం కుడివైపుకు దాటకుండా నేరుగా గుండె వెనకనుంచి కరోనరీ సైనస్‌లోకి (గుండె సొంత రక్తాన్ని కుడి కర్ణికకు చేర్చే సిరలోకి) దిగుతుంది. వైరు కూడా అటే పోతుంది. కుడి కర్ణికలోకి (పై గదిలోకి) వచ్చాక జఠరిక వైపు తిరగాలంటే మలుపు మరీ ఇరుకు. కర్ణిక గోడకు ఆనించి పెద్ద ఉచ్చులా తిప్పి, లోపలి తీగను చేత్తో వంచి దాటిస్తారు. దానికి పొడవైన, కొనకు మర ఉన్న వైరు కావాలి. మామూలు పొడవుది ఉంచుకుని మొదలుపెడితే చివర్లో చాలదు.

ఎకోలో కరోనరీ సైనస్ 1 సెం.మీ. కన్నా వెడల్పుగా కనిపిస్తే దీన్ని అనుమానించాలి. ఎడమ చేతి సిరలోకి బుడగలు కలిపిన సెలైన్ ఎక్కించి ఎకో చూస్తే, బుడగలు కర్ణికలో కన్నా ముందు ఆ సైనస్‌లో మెరుస్తాయి. ఐదు నిమిషాల పని, ఖర్చు దాదాపు లేదు. కుడివైపు పెద్ద సిర ఉందో లేదో కూడా చూడాలి. ఇలాంటివారిలో సుమారు పదిమందిలో ఒకరికి అది ఉండదు.

వెన్ను వంకరకు ఎంఆర్‌ఐ రాశారు. మెషిన్ ముందా, ఎంఆర్‌ఐ ముందా?

ఎంఆర్‌ఐ ముందు. మెషిన్ ఎంఆర్‌ఐకి సరిపడే రకమైనా, పెట్టాక సాధారణంగా 6 వారాలు ఆగమంటారు. గుండె పైన కుట్టిన వైర్లు, వదిలేసిన పాత వైర్లు ఉంటే అనుమతి దొరకడం కష్టం.

ఎన్టీఆర్ వైద్య సేవలో అవుతుందా?

ఏ రకం మెషిన్‌కు అనుమతి అడుగుతున్నారన్నది అసలు ప్రశ్న. అడ్మిట్ కాకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, డాక్టరు రాసిన రకం పేరు చూపించి అడగండి. అదనపు వైరు గానీ కాయిల్ (షాక్ ఇచ్చే తీగ చుట్ట) గానీ అవసరం రావచ్చని డాక్టరు అనుకుంటే ఆ మాట కూడా అభ్యర్థనలోనే రాయించుకోండి.

## ఆపరేషన్ రోజు

మెషిన్ కుడివైపు పెడితే షాక్ గుండెకు తగులుతుందా?

మంచి ప్రశ్న, డాక్టర్లను కూడా ఆలోచింపజేసేది. షాక్ జఠరికలోని కాయిల్‌కూ మెషిన్ పెట్టెకూ మధ్య పారుతుంది. గుండె ఎడమవైపుండి పెట్టె కూడా ఎడమవైపుంటే ఆ దారి ఎడమ జఠరిక మీదుగా పోతుంది. గుండె ఎడమవైపుండి పెట్టె కుడివైపుంటే దారి పక్కకు తప్పుతుంది, ఎక్కువ బలం కావాల్సి వస్తుంది. గుండే కుడివైపు ఉన్నవారికి కుడి పెట్టెతో ఈ చిక్కు లేదు.

సాధారణ ఎడమవైపు మెషిన్‌కు బల్ల మీద షాక్ పరీక్ష ప్రతిసారీ అక్కర్లేదని 2015లో వచ్చిన ‘సింపుల్’ (SIMPLE) అనే పరిశోధన తేల్చింది. కుడి పెట్టెకు, ఎస్-ఐసీడీకి, గుండె స్థానం మారినవారికి దాన్ని వర్తింపజేయకూడదు. మత్తిచ్చి గుండెను కావాలనే వణికించి మెషిన్ ఆపగలదా అని చూస్తారు. మెషిన్ పూర్తి బలం కన్నా కనీసం 10 జౌళ్లు తక్కువతో ఆగాలి. ఎస్-ఐసీడీని 65 జౌళ్లతో పరీక్షిస్తారు. ఆగకపోతే ఎక్కువ బలమున్న మెషిన్ వేయడం, వైరును జరపడం, వెన్ను పక్కనున్న అజైగస్ సిరలో ఇంకో కాయిల్ వేయడం, ఎడమ వీపున చర్మం కింద కాయిల్ పెట్టడం వంటి దారులున్నాయి. గుండెలో గడ్డ ఉంటే ఈ పరీక్ష చేయరు.

వెన్ను బాగా వంగిపోయింది, వెల్లకిలా పడుకోలేరు. ఎలా చేస్తారు?

బల్ల మీద దిండ్లు, మెత్తలు సర్ది ఒక పక్కకు ఒరగబెడతారు. ఇలాంటివారిలో కాలర్‌బోన్, మొదటి పక్కటెముక ఉండాల్సిన చోట ఉండవు, కంటి లెక్కతో సూది గుచ్చడం ప్రమాదం. అల్ట్రాసౌండ్‌తో సిరను చూస్తూ గుచ్చమని అడగడం మీ హక్కు. ఊపిరి తక్కువగా ఉంటుంది కాబట్టి మత్తు కూడా తేలిగ్గా ఇస్తారు.

మనిషి బాగా సన్నం. మెషిన్ చర్మం చించుకుని బయటికి వస్తుందా?

కొవ్వు లేనిచోట నేరుగా చర్మం కింద పెడితే ఆ భయం ఉంది. చర్మం ఎర్రబడి, పలచబడి, నిగనిగలాడితే రంధ్రం పడబోతోందని అర్థం. అందుకే ఛాతీ కండరం కింద, లేదా ఎస్-ఐసీడీ అయితే పక్క కండరాల రెండు పొరల మధ్య జేబు చేస్తారు. మొదటి వారం నొప్పి కొంచెం ఎక్కువ, తర్వాత సుఖం. రొమ్ము కేన్సరుకు ఆపరేషన్, రేడియేషన్ అయిన వైపు చర్మం మానదు, ఆ వైపు వదిలేస్తారు.

## ఇంటికి వచ్చాక

చెయ్యి ఎప్పటి నుంచి ఎత్తొచ్చు?

సిర రకానికి 4 నుంచి 6 వారాలు ఆ వైపు మోచెయ్యి భుజం ఎత్తు దాటకూడదు. అలాగని చెయ్యి కట్టేసుకుని కూర్చుంటే భుజం బిగుసుకుంటుంది. అన్నం తినడం, తల దువ్వుకోవడం వంచిన మోచేతితో చేయొచ్చు. దండెం మీద బట్టలారేయడం, బోరింగు కొట్టడం వద్దు. ఎడమవైపు అదనపు సిరలోంచి ఉచ్చు తిప్పి వేసిన వైరు, మలుపులు ఎక్కువ కాబట్టి, జారే అవకాశం మరీ ఎక్కువ. కుట్ల దగ్గర ఉబ్బితే సూదితో లాగనివ్వకండి, క్రిములు లోపలికి పోయేది అలాగే.

కావిడి మోయొచ్చా? కొబ్బరి చెట్టెక్కొచ్చా? తప్పెటగుళ్లు ఆడొచ్చా?

మెషిన్ ఉన్న భుజం మీద కావిడి ఎప్పటికీ వద్దు. బద్ద సరిగ్గా కాలర్‌బోన్ మీద నొక్కుతుంది, కింద మొదటి పక్కటెముకతో కలిసి వైరును కత్తెరలా నలిపేస్తుంది. పైపూత చిట్లితే మెషిన్ ఆ రొదను గుండె వేగమని చదివి షాక్ ఇస్తుంది. రెండో భుజం మీద 6 వారాల తర్వాత తేలిక బరువు పర్వాలేదు.

కొబ్బరి చెట్టు ఎక్కొద్దు. పైన ఉండగా లయ తప్పినా, షాక్ కొట్టినా పట్టు జారుతుంది. ఒంటరిగా చేపల వేటకు వెళ్లొద్దనేది కూడా అందుకే.

తప్పెటగుళ్లలో డప్పు రొమ్ము మీదే కడతారు, గెంతినప్పుడల్లా అంచు ఛాతీకి తగులుతుంది. కాలర్‌బోన్ కింది మెషిన్‌కు తాడు రాపిడి, ఎస్-ఐసీడీ వైరుకు డప్పు అంచు దెబ్బ. పక్కన నిలబడి దళానికి పాట అందించడం మంచిది, గంతులు వద్దు.

ఫోన్ కుడిచెవి దగ్గరే పెట్టుకోమన్నారు. మా మెషిన్ కుడివైపే ఉంది మరి?

కరపత్రాలన్నీ మెషిన్ ఎడమవైపు ఉందనుకుని రాస్తారు. మీరు ఎడమ చెవి వాడండి. ఫోన్‌కూ మెషిన్‌కూ 15 సెం.మీ. దూరం ఉంటే చాలు. ఎడమ చొక్కా జేబు మీకు అడ్డం కాదు, ఎస్-ఐసీడీ ఎడమవైపు ఉన్నవారికి మాత్రం వద్దు. ఇండక్షన్ పొయ్యికి 60 సెం.మీ. దూరం పాటించండి, లౌడ్‌స్పీకర్‌ను ఛాతీకి ఆనించి ఎత్తకండి.

కారు బెల్టు విషయం కూడా ఇలాంటిదే. మన కార్లలో నడిపేవారికి బెల్టు కుడి భుజం మీదుగా వస్తుంది. కుడి మెషిన్ ఉంటే కింద మడిచిన తువ్వాలు పెట్టుకోండి, బెల్టు మాత్రం మానొద్దు. బస్సు, లారీ, స్కూలు వ్యాను నడిపే ఉద్యోగం ఇక చేయకూడదు.

షాక్ కొడితే ఏం చేయాలి?

ఒక్కసారి కొట్టి మనిషి బాగుంటే కూర్చోబెట్టండి, అదే రోజు ఆసుపత్రికి ఫోన్ చేయండి. 24 గంటల్లో రెండో షాక్ పడినా, ఒక్క షాక్‌కే కళ్లు తిరిగినా, ఛాతీ నొప్పి వచ్చినా 108 పిలవండి. షాక్ పడేటప్పుడు పట్టుకున్నవారికి చిన్న జలదరింపు తప్ప హాని లేదు.

108 వాళ్లకి ముందుగా ఏం చెప్పాలి?

గుండె ఎటు ఉంది, మెషిన్ ఎటు ఉంది. ఈ రెండు ముక్కలు తెలుగులో రాసి మెషిన్ కార్డు వెనక అంటించండి. గుండె కుడివైపు ఉన్నవారికి షాక్ పట్టీలు కూడా తిరగేసి వేయాలి, ఒకటి ఎడమ కాలర్‌బోన్ కింద, ఒకటి కుడి చంక కింద. ఏ పట్టీ అయినా మెషిన్‌కు 8 సెం.మీ. ఎడంగా ఉండాలి. మెషిన్ అనవసరంగా మళ్లీ మళ్లీ షాక్ ఇస్తుంటే, దాని మీద అయస్కాంతం పెట్టి ఉంచితే షాక్‌లు ఆగుతాయి, తీస్తే మళ్లీ మొదలవుతాయి. ఆ పని గుండె గీత తెర మీద కనిపిస్తుండగా సిబ్బందే చేయాలి.